నదిలో వదిలేసిన పడవని తీయించాలంటే: పోలీసు ఏం చేయగలడు, మీరు ఏం రాసివ్వాలి

"సార్, రేవులో ఒక పడవ ఆర్నెల్ల నుంచి అలాగే పడుంది, తీయించరా?" అని స్టేషన్‌కి వచ్చి అడిగినవాళ్లకి, సర్వీసు కొత్తలో నేను చెప్పిన జవాబు తప్పు. "అది మా పని కాదు, వేరే శాఖ వాళ్లది" అనేవాణ్ణి. ఆ శాఖ దగ్గరికి వెళ్తే, "ఓనరు ఎవరో తెలియకుండా మేమెలా ముట్టుకుంటాం, పోలీసులకి చెప్పుకోండి" అని తిప్పి పంపేవాళ్లు. అర్జీ పట్టుకున్న మనిషి చెప్పులు అరిగేవి. పడవ కదిలేది కాదు. 31 ఏళ్లు ఖాకీ వేసుకుని, అందులో సగానికి పైగా కృష్ణ ఒడ్డు స్టేషన్లలోనే చేసి, ఎస్సైగా రిటైరయ్యాను. ఆ పని ఎవరిదో చట్టంలో స్పష్టంగానే ఉంది. అడిగేవాళ్లకీ, కూర్చున్నవాళ్లకీ తెలియకపోవడం వల్లే ఆగుతుంది. తెలిసినంత మేరకు ఇక్కడ రాస్తున్నాను.

ఎందుకింత పట్టుదల అంటే, వేసవిలో గట్టు పక్కన ఒరిగి పడున్న ఇనుప పడవ ఎవరికీ అడ్డు అనిపించదు. పిల్లలు ఎక్కి నీళ్లలోకి దూకుతుంటారు. అదే పడవ వరదలో తాడు తెంచుకుందంటే దాన్ని ఆపే మొనగాడు లేడు. 2024 సెప్టెంబరు మొదట్లో కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినప్పుడు, ఎగువ నుంచి కొట్టుకొచ్చిన ఇనుప పడవలు ప్రకాశం బ్యారేజీని గుద్దుకున్నాయి. 67, 69 నంబరు గేట్ల దగ్గర కౌంటర్ వెయిట్లు, అంటే గేటుకి ఎదురు బరువుగా ఉండే దిమ్మెలు, దెబ్బతిన్నాయి. ఆ పడవల్ని గేట్ల నుంచి తప్పించడానికి క్రేన్లు, నీళ్లలో దిగి ఇనుము కోసే మనుషులు, లాగే పడవలు అన్నీ పెట్టినా రెండు వారాలు పైనే పట్టింది. వరదకి ముందు ఒక్కరోజు పని అయ్యేది, వరద తర్వాత అంత పనైంది. అందుకే మీరు చేసే అర్జీ ఏదైనా మే నెల దాటనివ్వకండి.

ముందు అది నిజంగా వదిలేసిందేనా?

ఇక్కడ తొందర పడితే పేదవాడి పొట్ట కొట్టినట్టవుతుంది. ఒకసారి నేనే ఆ తప్పు చేశాను. రెండు నెలలుగా కదలని నాటు పడవని దిక్కులేనిదిగా రాసి స్వాధీనం చేసుకున్నాను. పది రోజులకి ఒకావిడ స్టేషన్ మెట్ల మీద కూర్చుని ఏడుస్తోంది. భర్త కాలు విరిగి ఆసుపత్రిలో ఉన్నాడు, ఆ పడవే వాళ్ల బతుకు. కోర్టు ఉత్తర్వు తెచ్చుకుని పడవ విడిపించుకోవడానికి ఆవిడకి ఇంకో మూడు వారాలు పట్టింది. రేవులో నలుగురిని అడిగి ఉంటే ఐదు నిమిషాల్లో తేలేది. ఆవిడ ముఖం నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది.

కాబట్టి అడగండి. రేవు దగ్గర వలలు బాగుచేసుకునే పెద్దవాళ్లని, మత్స్యకార సహకార సంఘం వాళ్లని, బల్లకట్టు నడిపేవాణ్ణి అడగండి. సముద్రం వైపు ఊళ్లలో అయితే తేదీ కూడా చూసుకోవాలి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు చేపల వేట నిషేధం. ఆ రెండు నెలలు వరసగా కట్టేసున్న ఇంజను బోట్లు వదిలేసినవి కావు, విశ్రాంతిలో ఉన్నవి.

నిజంగా వదిలేసిన పడవ చూడగానే కొంత చెబుతుంది. తాడు ఎండకి పేలిపోయి పోగులు పోగులుగా ఉంటుంది. నీటి గీత దగ్గర నాచు దట్టంగా పట్టి ఉంటుంది. లోపల వాననీళ్లు నిలిచి, తోడినవాడు ఉండడు. ఇంజను ఊడదీసుకుపోయి బిగించిన బోల్టు రంధ్రాలు మాత్రం మిగులుతాయి. అన్నిటికన్నా గట్టి గుర్తు, నది మట్టం పెరిగినా తగ్గినా తాడు సర్దినవాడు లేకపోవడం. మనిషి ఉన్న పడవకి తాడు రెండు మూడు రోజులకోసారి మారుతుంది.

ఫోటోలు తీయండి. ఒకే చోట నిలబడి, వెనకాల ఏదో ఒక కదలని గుర్తు, అంటే కరెంటు స్తంభమో, గుడి గోపురమో, వంతెన పిల్లరు మీది నంబరో పడేటట్టు, వారానికి ఒకటి చొప్పున నాలుగు తీస్తే చాలు. నెల రోజులు కదల్లేదని నలుగురు చెప్పే సాక్ష్యం కన్నా ఆ నాలుగు ఫోటోలు బలం. పడవ మీద నంబరు ఉంటే అది విడిగా తీయండి. సముద్రంలో తిరిగే చేపల బోట్లకి ఐఎన్‌డీ, ఏపీ అన్న అక్షరాలతో మొదలయ్యే నంబరు ఉంటుంది, మత్స్యశాఖ రిజిస్టర్లో చూస్తే ఓనరు పేరు దొరుకుతుంది. నదిలో తిరిగే ఇంజను పడవలకి ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం, 2021 కింద రిజిస్ట్రేషన్ తప్పనిసరి. నంబరు గీకేసి ఉంటే ఆ గీకిన చోటునే దగ్గరగా ఫోటో తీయండి. అది ఎందుకు ముఖ్యమో కింద చెప్తాను.

పోలీసుకి ఉన్న దార్లు

"దిక్కులేని పడవ" అన్నంత మాత్రాన పోలీసు లాక్కుపోలేడు. ఏదో ఒక సెక్షన్ కాళ్ల కింద ఉండాలి. 2024 జులై 1 నుంచి పాత ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత, పాత సీఆర్‌పీసీ పోయి భారతీయ నాగరిక సురక్ష సంహిత వచ్చాయి కాబట్టి కొత్త నంబర్లే చెప్తున్నాను.

మొదటి దారి భారతీయ న్యాయ సంహిత 285 సెక్షన్. తన చేతిలో ఉన్న వస్తువుని సరిగ్గా చూసుకోకుండా వదిలేసి, ప్రజలు నడిచే దారిలోగాని, పడవలు తిరిగే జలమార్గంలోగాని ప్రమాదమో, అడ్డమో, దెబ్బో కలిగిస్తే నేరం. జరిమానా 5,000 రూపాయల వరకు. పాత ఐపీసీ 283లో ఇది 200 రూపాయలే ఉండేది, అందుకే దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. డబ్బు సంగతి పక్కన పెట్టండి. ఇది పోలీసు నేరుగా కేసు కట్టగల నేరం. మేజిస్ట్రేటు అనుమతి కోసం ఆగక్కర్లేదు. ఎఫ్ఐఆర్ అయ్యాక భారతీయ నాగరిక సురక్ష సంహిత 106 సెక్షన్ తోడొస్తుంది. దొంగిలించిందని అనుమానం ఉన్న వస్తువునైనా, నేరం జరిగిందన్న అనుమానం కలిగించే పరిస్థితుల్లో కనబడ్డ వస్తువునైనా ఏ పోలీసు అధికారైనా స్వాధీనం చేసుకోవచ్చు. నంబరు గీకేసిన పడవ ఫోటో ఇందుకే అన్నాను. దొంగ పడవ అన్న అనుమానానికి అది ఒక్కటి చాలు.

రెండో దారి అంతకన్నా పెద్దది, కానీ అది పోలీసు చేతిలో లేదు, అతని రిపోర్టులో ఉంది. సురక్ష సంహిత 152 సెక్షన్ (పాతది 133) చదివితే అందులో నది, కాలువ అన్న మాటలే ఉన్నాయి. ప్రజలు వాడుకునే దారిలోగాని, నదిలోగాని, కాలువలోగాని ఉన్న చట్టవిరుద్ధమైన అడ్డాన్ని తొలగించమని జిల్లా మేజిస్ట్రేటు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు షరతుతో ఉత్తర్వు ఇవ్వవచ్చు. మన భాషలో కలెక్టరు గారు, ఆర్డీవో గారు. పోలీసు రిపోర్టు మీదైనా ఇవ్వచ్చు, ఇంకెవరు సమాచారం ఇచ్చినా ఇవ్వచ్చు. అంటే మీరు నేరుగా ఆర్డీవో ఆఫీసులో అర్జీ పెట్టుకోవచ్చు. స్టేషన్ గడప దగ్గర ఆగిపోనక్కర్లేదు. ఈ ఒక్క ముక్క జనానికి తెలిస్తే సగం పడవలు కదిలేవి.

ఓనరు ఎవరో తెలియకపోతే నోటీసు ఎవరికివ్వాలి అని ఆఫీసులో అడుగుతారు. దానికి 153లోనే జవాబుంది. మనిషికి అందించడం కుదరకపోతే ప్రకటన చేసి, జనానికి కనబడే చోట నకలు అంటించాలి. పడవకే ఒకటి, రేవు చెట్టుకొకటి, పంచాయతీ బోర్డుకొకటి అంటించి, అంటించిన ఫోటో ఫైల్లో పెడితే సరిపోతుంది. గడువు లోపల ఎవరూ రాకపోతే ఉత్తర్వు ఖాయమవుతుంది. ఆపైన 160 కింద మేజిస్ట్రేటే తీయించి, అయిన ఖర్చుని ఆ తీసిన వస్తువుని అమ్మి రాబట్టుకోవచ్చు. "ఖర్చు ఎవరు పెట్టుకుంటారు" అన్న ప్రశ్నకి చట్టం ఇచ్చే జవాబు ఇదే. ఇనుప పడవ అయితే తుక్కుకి వేసినా క్రేను ఖర్చులో కొంతైనా వస్తుంది. చెక్క పడవకి రాదు, అక్కడ మీరు ఊరి తరఫున నలుగురు మనుషుల్ని ఇస్తామంటే పని నడుస్తుంది.

వరద ముంచుకొస్తోంది, నోటీసు గడువు దాకా ఆగలేం అంటే 161 ఉంది. ప్రజలకి తీవ్రమైన ప్రమాదం తలమీదికొచ్చిందని అనిపిస్తే విచారణ పూర్తికాకముందే నిషేధపు ఉత్తర్వు ఇచ్చి, వినకపోతే మేజిస్ట్రేటు తానే తగిన చర్య తీసుకోవచ్చు. అర్జీలో 152తో పాటు 161 కూడా రాయమని నేను అందరికీ చెప్తాను. రాయకపోతే ఫైలు మామూలు నడకే నడుస్తుంది.

ఓడరేవు హద్దుల్లో అయితే రేవు అధికారులకి అడ్డు తీసే అధికారం వేరేగా ఉంది. కృష్ణ, గోదావరుల్లో 4వ జాతీయ జలమార్గంగా ప్రకటించిన మేర ఇన్‌లాండ్ వాటర్‌వేస్ అథారిటీకీ అడ్డంకులు తొలగించే బాధ్యత ఉంది. వాళ్లకి అర్జీ నకలు ఒకటి పంపండి, అంతే. అసలు అర్జీ మాత్రం ఆర్డీవోకే.

ఎవరి లిమిట్స్?

నది మధ్య గీత చాలాచోట్ల రెండు స్టేషన్లకి హద్దు. కొన్నిచోట్ల రెండు జిల్లాలకి, పైన అయితే రెండు రాష్ట్రాలకి. నీళ్లు తగ్గి పాయ పక్కకి జరిగిందంటే "ఆవలి ఒడ్డు వాళ్లది" అని ఇద్దరూ అంటారు. మీరు ఆ వాదనలోకి దిగకండి. సురక్ష సంహిత 173 ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి, తర్వాత వాళ్లే బదిలీ చేసుకుంటారు. ఎఫ్ఐఆర్ నకలు మీకు ఉచితంగా ఇవ్వాలి. స్టేషన్లో తీసుకోం అంటే, ఆ ఫిర్యాదునే రిజిస్టర్డ్ పోస్టులో ఎస్పీ గారికి పంపండి. పోస్టు రసీదు జాగ్రత్త. ఫోన్లో లొకేషన్ తెరిచి, పడవకి దగ్గరగా నిలబడి స్క్రీన్ ఫోటో తీసి జత చేస్తే హద్దు గొడవ చాలావరకు అక్కడే తేలిపోతుంది.

అర్జీ ఇలా రాయండి

పొడుగ్గా రాయకండి. ఆవేదన అంతా పోస్తే అసలు విషయం మూడో పేజీలోకి పోతుంది. నేను రాయించే నమూనా ఇది:

"అయ్యా, ఫలానా మండలం, ఫలానా గ్రామం పరిధిలో, ఫలానా రేవుకు ఎగువన సుమారు 200 మీటర్ల దూరంలో నదిలో ఒక ఇనుప పడవ, పొడవు సుమారు 40 అడుగులు, ఫలానా తేదీ నుండి మనిషి లేకుండా, ఒక్క తాడుతో కట్టి ఉన్నది. నంబరు కనబడుట లేదు. విచారించగా యజమాని తెలియలేదు. ఇది చేపల పడవలు తిరుగు దారికి అడ్డముగా ఉన్నది. దిగువన ఫలానా వంతెన ఉన్నది. వరద వచ్చినచో తెగి వంతెనను తాకు ప్రమాదమున్నది. కావున భారతీయ నాగరిక సురక్ష సంహిత 152 సెక్షన్ ప్రకారం తొలగింపునకు ఉత్తర్వు ఇచ్చి, ఈలోగా 161 ప్రకారం తక్షణ చర్య తీసుకొన ప్రార్థన. నాలుగు ఫోటోలు, లొకేషన్ జతపరిచాను."

దిగువన ఏముందో తప్పకుండా రాయండి. వంతెన, బ్యారేజీ, తాగునీటి పథకం ఇన్‌టేక్ బావి, లిఫ్టు పంపుహౌసు, స్నానఘట్టం. చదివే అధికారి కళ్లు ఆగేది ఆ వాక్యం దగ్గరే. ఒక నకలు స్టేషన్‌కి, ఒకటి తహశీల్దారుకి, ఒకటి నీటిపారుదల శాఖ ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకి) ఇచ్చి, మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి. ముద్ర లేని అర్జీ ఇవ్వని అర్జీతో సమానం. సోమవారం కలెక్టరేట్లో అర్జీలు తీసుకుంటారు కదా, అక్కడ ఇస్తే నంబరు పడుతుంది, ఆ నంబరుతో అడగవచ్చు.

స్వాధీనం చేసుకునే రోజు

మీరు అక్కడ ఉంటే మంచిది. ఇద్దరు మధ్యవర్తుల్ని పెట్టి పంచనామా రాస్తారు, తరచుగా వీఆర్వో ఒకరు ఉంటారు. సురక్ష సంహిత 105 సెక్షన్ ప్రకారం స్వాధీనం చేసుకోవడాన్ని వీడియో తీయాలి, సెల్‌ఫోన్‌తో తీసినా చాలు. పడవలో ఏమేం ఉందో ఒక్కొక్కటీ రాయించండి. ఇంజను ఉంటే దాని నంబరు ప్లేటు, బ్యాటరీ, లంగరు, గొలుసు ఎన్ని మూరలు, వల ఉంటే వల, చివరికి నీళ్లు తోడే డబ్బా కూడా. లంగరు ఖరీదైన వస్తువు, పంచనామాలో లేకపోతే తర్వాత కనబడదు. నిజమైన ఓనరు వచ్చినప్పుడు తగాదా అంతా ఆ లంగరు దగ్గరే మొదలవుతుంది.

పడవని స్టేషన్ ఆవరణకి మోసుకుపోలేరు. కోర్టుకి అంతకన్నా తీసుకుపోలేరు. అందుకని చట్టమే వెసులుబాటు ఇచ్చింది. 106లో, తరలించడానికి వీలుకాని వస్తువుని, అడిగినప్పుడు చూపిస్తానని పూచీకత్తు రాయించుకుని ఎవరికైనా అప్పజెప్పవచ్చు. మత్స్యకార సంఘం పెద్ద పేరున రాయించి, వరద అందని మెరక మీద పెట్టించడం నేను చూసినవాటిలో బాగా నడిచిన పద్ధతి.

తర్వాతది మేజిస్ట్రేటు కోర్టు పని. సురక్ష సంహిత 503 కింద, ఓనరు తెలియకపోతే ప్రకటన వేసి, ఆరు నెలల్లో వచ్చి తనదని రుజువు చేసుకోమంటారు. ఎవరూ రాకపోతే 504 కింద ప్రభుత్వపరం, వేలం. ఆరు నెలల్లో చెక్క పడవ పుచ్చిపోతుందనుకుంటే 505 చూపించండి. త్వరగా పాడయ్యేదైనా, అమ్మడమే ఓనరుకి మేలని కోర్టు అనుకున్నా, విలువ 10,000 రూపాయల లోపున్నా, ఎప్పుడైనా అమ్మించవచ్చు. డబ్బు డిపాజిట్లో ఉంటుంది, ఓనరు వస్తే డబ్బు తీసుకుంటాడు. ఈ సెక్షన్ వాడకపోవడం వల్ల ఎన్ని మంచి పడవలు గట్టు మీద చెదలు పట్టి పోయాయో చూశాను. బాధేస్తుంది.

ఈ మధ్యలో ఊళ్లో ఎవరో ఒకరు "దిక్కులేనిదేగా, మనమే లాక్కుందాం" అంటారు. వద్దు. దొరికిన పడవ మనది కాదు. పరుల సొత్తుని దురుద్దేశంతో సొంతానికి వాడుకుంటే న్యాయ సంహిత 314 కింద జైలు శిక్ష ఉంది. తాడు కోసి వదిలేస్తే అది దిగువ ఊరి మీదికి పోతుంది. తగలబెడితే నూనె అంతా నీళ్లలోకి. మీరు చేయదగ్గ పని ఒక్కటే: తాడు తెగేలా ఉంటే, పోలీసుకి ఫోన్ చేసి చెప్పి, ఇంకో తాడు అదనంగా కట్టడం. అది చేసినప్పుడు కూడా ఫోటో తీసి పెట్టుకోండి.

లాగడం

ఇది తెలిసినవాళ్ల పని. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగిన పర్యాటక బోటుని అక్టోబరు 22న పైకి తెచ్చింది కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం గారి బృందం. తాళ్లు, లంగర్లు, గజఈతగాళ్లు, అనుభవం, ఇవే వాళ్ల సామగ్రి. మన రేవుల్లో అలాంటి చేయి తిరిగినవాళ్లు ఉన్నారు. వాళ్లని పిలవండి, కూలి ముందే మాట్లాడి ఇవ్వండి. పోలీసు పిలిచాడు కదా అని ఉచితంగా చేయించుకోవడం అన్యాయం. నేను ఉన్నచోట ఎప్పుడూ అలా జరగనివ్వలేదు.

లాగే ముందు నీళ్లు తోడాలి. సగం నీళ్లున్న పడవని లాగితే లోపలి నీళ్లు ఒక్క వైపుకి ఒరిగి బోల్తా కొడుతుంది, తాడు పట్టుకున్నవాణ్ణి కూడా లాక్కుపోతుంది. డీజిలు ఉంటే డబ్బాల్లోకి తీయించండి, బ్యాటరీ వైరు విప్పించండి. తాడు కట్టే కొయ్య పుచ్చి ఉంటే దానికి కట్టొద్దు, పడవ పొట్ట చుట్టూ తిప్పి కట్టాలి. బురదలో కూరుకున్నదాన్ని ఒక్క ఊపున లాగితే రాదు, రెండు ముక్కలవుతుంది. కింద బురద పారతో, నీళ్ల పంపుతో కదిపి, ఆ పట్టు వదిలించాకే లాగాలి. కరకట్ట మీదికి క్రేను తెచ్చే ముందు ఏఈ గారిని అడగండి. అన్ని కట్టలూ ఆ బరువు మోయవు, గుంట పడితే వరదలో గండి పడేది అక్కడే. ఎగువ నుంచి నీళ్లు వదిలే టైము కూడా ఆయన్నే కనుక్కోండి.

పడవ ఒడ్డెక్కాక అందరూ టీ తాగడానికి వెళ్లిపోతారు. మీరు ఆగండి. పడవ ఉన్న చోట నీళ్లలో పాతిన గుంజ, తెగిన ఇనుప తాడు, లంగరు ముక్క మిగిలి ఉంటాయి. ఈతగాణ్ణి ఇంకోసారి దింపి, కాళ్లతో వెతికించి అవి కూడా తీయించండి, తీసినవి పంచనామా చివర చేర్పించండి. స్నానానికి దిగేవాళ్ల కాళ్లకి, వలలకి తగిలేవి అవే.